నాలుగో తీగ

బట్టల ఫ్యాక్టరీ వార్షికోత్సవంలో ఇస్త్రీ బాబాయి నాలుగు తీగల బుల్లి ఉకులేలే పట్టుకుని స్టేజీ ఎక్కాడో లేదో, సూపర్‌వైజర్ మైకు లాక్కున్నాడు.

"ఇస్త్రీపెట్టె అనుకుని బొమ్మ గిటారు పట్టుకొచ్చాడు పాపం!"

హాలంతా గొల్లుమంది. కటింగ్ సెక్షన్‌లో పనిచేసే బాబాయి అన్నకొడుకు కూడా, నలుగురూ నవ్వుతున్నారు కదా అని నవ్వాడు. బాబాయి అది చూశాడు. వాయించకుండానే దిగిపోయాడు. ఆ చూపు మాత్రం అన్నకొడుకుని వదల్లేదు.

ఆ తర్వాత భోజనాల వేళ ఆవిరిగది వెనక, అట్టపెట్టెల మధ్య ఒక్కడే కూర్చుని వాయించుకునేవాడు బాబాయి.

మరుసటి ఏడు సముద్రం అవతలి నుంచి పన్నెండుమంది ఆడవాళ్ళు పనికొచ్చారు. క్యాంటీన్‌లో వాళ్ళ బల్ల వేరు. వాళ్ళని పలకరించిన పాపాన ఎవరూ పోలేదు. వాళ్ళలో గుండీలు కుట్టే ఆవిడ ఓ మధ్యాహ్నం పాట విని వచ్చింది. మొహం చిట్లించి, వాయిద్యం అందుకుని, పైతీగ ఊడదీసేసింది.

"అయ్యయ్యో, తీగ పీకేస్తోందేంట్రా ఈవిడ!" అప్పుడే అటొచ్చిన అన్నకొడుకుతో బాబాయి మొత్తుకున్నాడు.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఉకులేలేకి నాలుగో తీగ, అంటే ఆ పైతీగ, లేకపోతే బాబాయి లావుపాటి గిటారు తీగ కట్టుకున్నాడు. పైతీగ లావుగా ఉండటమే న్యాయమనుకున్నాడు. ఆవిడ ఊళ్ళో ఈ వాయిద్యానికి పైతీగ సన్నం. మర్నాడు గాలానికి కట్టే నైలాన్ దారం తెచ్చి బిగించింది. పాటకి ప్రాణం లేచొచ్చింది.

అన్నకొడుకు వెళ్ళి వార్షికోత్సవానికి ఇద్దరి పేర్లూ రాయించాడు.

"ఎవర్నడిగి రాయించావురా? మళ్ళీ నవ్వడానికా?"

"నవ్వను బాబాయ్."

"చూద్దాంలే."

ఆ రోజు ఆవిడ తన భాషలో పాడింది, బాబాయి వాయించాడు. పాట సగంలో కొత్త నైలాన్ సాగి, నాలుగో తీగ వదులై శ్రుతి జారిపోయింది. బాబాయి చేతులు ఆగిపోయాయి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సూపర్‌వైజర్ మైకు కోసం లేచాడు.

అన్నకొడుకు ముందే లేచి చప్పట్లు మొదలెట్టాడు. అవతలి బల్ల దగ్గరి ఆవిడ ఊరివాళ్ళు అందుకున్నారు. ఇవతలి వాళ్ళు బల్లలు చరిచారు. మాట ఒక్కటీ అర్థం కాకపోయినా హాలంతా ఆ పాటని మోసింది. ఆవిడ ఆ చప్పుళ్ళ మీదే పాడుతూ నిలబడింది, బాబాయి తీగ బిగించుకునేదాకా. సూపర్‌వైజర్ నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు.

బాబాయి పని మానేసిన రోజు గేటు దగ్గర అన్నకొడుకు నసిగాడు.

"బాబాయ్, ఆ మొదటిసారి నేను..."

"నవ్వావు. మర్చిపోయానని అబద్ధమెందుకు చెప్పాలి? చప్పట్లు కొట్టిందీ గుర్తుందిరా. తాళం మాత్రం మొత్తం తప్పావు."