కమలాంబకు కునుకు పట్టని బండి

వెంకటాచలం నోట "ఛీ" తేలిగ్గా వస్తుంది. గ్రీజులో ఇసుక కనబడితే ఛీ. అరిగిన బోల్టుకు రంగు పూసి కొత్తదని అమ్మితే ఛీ. నీళ్ళ టీ వస్తే దానికీ అదే.

తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి మద్రాసు వచ్చి జార్జి టౌన్‌లో బేరింగులు అమ్ముకున్న కుటుంబం వాళ్ళది. ఆ ఇరుకు సందులో కూర్చుని పొద్దస్తమానం అట్టపెట్టెలు విప్పడం తన వల్ల కాదని ఇతడొక్కడూ అంబత్తూరు వచ్చి షెడ్డు వేసుకున్నాడు. ముందు చక్రాలు, స్టీరింగు, ఆ రెంటికీ మధ్యనున్న ఇనుము. అంతవరకే అతని పని. ఇంజను జోలికి పోడు. ఇంజను చెడితే బండి ఆగుతుంది, స్టీరింగు చెడితే ఆగదు, అంటాడు.

షెడ్డు వెనకే ఇల్లు. బాగుచేసిన ఏ బండినైనా యజమానికి అప్పగించే ముందు భార్య కమలాంబను పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిరిగి వస్తాడు. పెళ్ళైన కొత్తలో షికారుగా మొదలైన అలవాటు అది. బండి సరిగా ఉంటే బైపాసు ఎక్కేలోపే ఆమె తల ఒరిగిపోతుంది. లేకపోతే లేదు. స్టీరింగు సంగతి ఆమెకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. "ఇంట్లో పడుకుంటే రాని నిద్ర ఈడ వస్తాది. అంతే" అంటుంది. వెంకటాచలం ఆ కునుకును నమ్మినంతగా ఏ మీటరునూ నమ్మలేదు.

ప్రదీప్ తెచ్చిన బండిలో ఆమెకు కునుకు పట్టలేదు.

అది యాభై ఏళ్ళ నాటి అమెరికా కారు. పడవంత బానెట్, దాని కింద ఎనిమిది సిలిండర్ల ఇంజను, రెండే తలుపులు, ఎడమవైపు స్టీరింగు. ప్రదీప్‌ది కాకినాడ. మద్రాసులోనే షోళింగనల్లూరులో ఉద్యోగం. చిన్నప్పుడు గోడకు అంటించుకున్న బొమ్మను పెద్దయ్యాక కొనుక్కున్నాడు. కొన్నాక ఎర్రరంగు వేయించాడు, సీట్లకు తోలు కుట్టించాడు, అద్దానికి మల్లెపూల సెంటు సీసా వేలాడదీశాడు. తలుపు తీయగానే ఆ వాసన వెంకటాచలం ముక్కులో గుచ్చుకుంది.

"బండి బంగారమండీ. ఒక్కటే. తిన్నని రోడ్డు మీద నాతో ఆటలాడుతోందండీ బాబూ" అన్నాడు ప్రదీప్.

వెంకటాచలం అందులో ఒక్క మాటే విన్నాడు. ఆట. అతని షెడ్డులో ఆట అంటే స్టీరింగులో వదులు. చేతిలోని చక్రం తిప్పినా బండికి తెలియకుండా పోయే కాస్త ఖాళీ. అరవంలో ఆట్టం అన్నా, తెలుగులో ఆట అన్నా దానికి మందు ఒకటే. బిగించాలి.

బండిని పైకెత్తి కిందికి దూరాడు. స్టీరింగు కడ్డీ ఊగకుండా గుండ్రటి రబ్బరు బుష్షు ఉండాల్సిన చోట ఎవరో హవాయి చెప్పు కోసి కూరారు. ఇంకోచోట సైకిలు ట్యూబు చుట్టి తీగతో కట్టారు. ఆ చుట్టలో జిడ్డు, జుట్టు, ఎండిపోయిన బల్లి. పైన అద్దంలా మెరిసే ఎర్రరంగు. కింద ఇది. అతను పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

"ఏం సార్, ఇది కారా, చెప్పుల కొట్టా?"

"అమ్మినోడు అన్నీ ఒరిజినలేనన్నాడండీ."

"అబద్ధం చెప్పలా. చెప్పు ఒరిజినలే."

ప్రదీప్ నవ్వాడు. వెంకటాచలం నవ్వలేదు. ప్రాణాలు మోసే చోట కాలికింది చెప్పు పెట్టి, ఆ చేత్తోనే ఆ మనిషి అన్నం తిని ఉంటాడన్న ఆలోచన అతన్ని వదల్లేదు.

కుళ్ళినదంతా పీకేశాడు. లేతు మీద కొత్త బుష్షులు కోయించాడు. అరిగిన కీళ్ళు మార్చాడు. చక్రాల వాలు సరిచూశాడు. చివరన స్టీరింగు పెట్టె మీద, వదులు తగ్గించే స్క్రూ బిగించాడు. కమలాంబను ఎక్కించుకుని పోయి వచ్చాడు. ఆమె కళ్ళు మూయలేదు. ఎండ ఎక్కువగా ఉందనుకున్నాడు.

ప్రదీప్ వచ్చి వీధి చివరి దాకా నడిపి చూశాడు. "చప్పుళ్ళు పోయాయండీ. కానీ ఇంకా ఆటలాడుతోంది."

వెంకటాచలం స్క్రూను మరింత బిగించి, మళ్ళీ భార్యను పిలిచాడు.

ఆ సాయంత్రం బైపాసు మీద బండి తిన్నగా పోలేదు. కుడికి జరిగింది. అతను ఎడమకు తిప్పాడు. అవసరానికి మించి ఎడమకు పోయింది. మళ్ళీ కుడికి. ఎడమ స్టీరింగు బండి కనుక కుడివైపు కూర్చున్నది కమలాంబ. ఎదురుగా లారీ వచ్చింది. దాని హారను ఆమె చెవి పక్కగా కోసుకుంటూ పోయింది.

"ఆపయ్యా."

"ఏమైందే?"

"ఏమైందా? లారీ నా మొగం మీదకొచ్చె. నువ్వు ఆ చక్రంతో కుస్తీ పడతా ఉండావు."

"బిగించినా గదా. రేపు ఇంకొంచెం…"

"బిగించి బిగించి దానికి ఊపిరాడకుండా చేసినావు. ఇంక నీ బండ్లు నేను ఎక్కను. ఇది కాదు, ఏదీ ఎక్కను. నమ్మకం పోయె."

ఆమె దిగి కొంగు భుజం చుట్టూ కప్పుకుని బస్సు స్టాపు వైపు నడిచింది. వెంకటాచలం మల్లెపూల కంపులో ఒంటరిగా ఇల్లు చేరాడు.

మరునాడు పొద్దున కాఫీ గ్లాసు గడప మీద ఉంది. ఇచ్చిన మనిషి లేదు. అతను ఆ కాఫీ చల్లారేదాకా చూసి ప్రదీప్‌కు ఫోను చేశాడు.

"సార్, ఆట ఆట అంటారే, ఏంది దాని అర్థం?"

"ఏముందండీ, అల్లరి. చెప్పిన మాట వినదు. నేనిటంటే అదటు. అచ్చం మా మేనల్లుడే."

"స్టీరింగు వదులుగా ఉండాదా లేదా?"

"వదులా? అబ్బే! చేతులు పడిపోతున్నాయండీ బాబూ. మలుపు తిరిగాక చక్రాన్ని నేనే వెనక్కి తేవాలి. మీ దగ్గరికి రాకముందూ అంతే. మీరు బిగించాక ఇంకా ఎక్కువైంది. పాత బండి కదా, అదో రాజసం అనుకున్నా."

"రాజసం" అన్నాడు వెంకటాచలం. ఫోను పెట్టేశాక, "ఛీ" అన్నాడు.

ముందు చక్రాలు గాలిలోకి లేపి, స్టీరింగును ఒంటి వేలితో తిప్పాడు. ఆ చివరన తేలిగ్గా తిరిగింది. ఈ చివరనా తేలిగ్గానే తిరిగింది. సరిగ్గా నడిమికి వచ్చేసరికి పట్టేసింది. తాడులో ముడి వేలికి తగిలినట్టు తగిలింది. మలుపు దాటిన చక్రం తనంతట తాను నడిమికి రావాలి. నడిమిలోనే ముడి ఉంటే ఎక్కడ వదిలితే అక్కడే నిలబడిపోతుంది. మనిషి దిద్దుతాడు, దిద్దినదాన్ని మళ్ళీ దిద్దుతాడు. బండి అటూ ఇటూ దారి వెతుక్కుంటూ రోడ్డంతా తిరుగుతుంది.

ముందు బిగించినవాడు ఆ చెప్పు కూరినవాడే అయ్యుంటాడు. వాడు ఆపిన చోటి నుంచి తాను అందుకున్నాడు. వేలితో ఒక్కసారి తిప్పి చూడకుండా, మాట విని బిగించాడు. ఇన్నాళ్ళూ ఎవరెవరి పనుల మీదనో ఉమ్మిన నోరు ఇప్పుడు ఎండిపోయింది. ఈసారి ఉమ్మాల్సింది తన పని మీదే.

స్క్రూ వదిలాడు. వేలికి ముడి పోయి, నడిమిలో సన్నటి పట్టు మాత్రం మిగిలేదాకా వదిలి, అది అక్కడే నిలిచేలా నట్టు బిగించాడు. చేతులు సబ్బుతో రెండు మార్లు కడుక్కుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"రా."

"రానంటి గదా."

"ఆ చెప్పువాడి పనే నేనూ చేసినా, కమలా. ఇప్పుడు వదిలినా."

ఆమె చింతపండు పిసికే చెయ్యి ఆపింది. "ఏం వదిలినావు?"

"ఊపిరి."

"పెద్ద మాటలొద్దులే. లారీ వస్తే నడిరోడ్డులోనే దిగిపోతా. సరియా?"

"సరి."

మొదటి మలుపులో వెంకటాచలం పట్టు సడలించాడు. చక్రం అతని అరచేతుల్లోంచి జారుతూ తనంతట తానే నడిమికి వచ్చి నిలిచింది. బైపాసు మీద బండి గీత గీసినట్టు పోయింది. ఎదురుగా ఒక లారీ వచ్చింది, పోయింది. కమలాంబ తలుపు పిడి వదల్లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

చాలా దూరం పోయాక అతను అడిగాడు.

"నిద్ర రాలేదా?"

"ఈ కంపులో ఎవరికి వస్తాది? పీనుగుకి పూలేసినట్టుండాది."

అతను బండి పక్కకు ఆపి, సెంటు సీసాను అద్దం నుంచి తెంపి, నూనె గుడ్డలో చుట్టి డిక్కీలో పడేశాడు. తలుపుల అద్దాలు రెండూ దించాడు. బండి కదలగానే బయటి గాలి లోపలికి కొట్టింది. కాలిన నూనె, వేడెక్కిన రబ్బరు, మురికి కాలువ. అంబత్తూరు వాసన. ముప్ఫై ఏళ్ళుగా భర్త చొక్కాల్లో ఆమె ఉతికిన వాసన.

పిడి మీది ఆమె చెయ్యి మెల్లగా జారి ఒళ్ళో పడింది.

ఫోను మోగింది. ప్రదీప్. వెంకటాచలం "ఛీ" అన్నాడు, ఆమెకు వినిపించనంత మెల్లగా. దాని నోరు నొక్కేసి, ఇంటికి తిరగాల్సిన మలుపు దగ్గర తిరగకుండా తిన్నగా పోనిచ్చాడు.