మూడోసారికి ఆకలేసే టీచరమ్మ

గత మంగళవారం పొద్దున మా ఇంగ్లీషు టీచరమ్మ కన్నుమూశారు. మా ఇంట్లోనే, వెనక గదిలో, కాఫీ చల్లారిపోయిందని మా ఆవిడ మీద కసురుకున్న పావుగంటకి.

ఆ తెల్ల ముసలావిడ మీ ఇంట్లో ఎందుకుందని అమెరికాలో ఎడిసన్ నుంచి అరోరా దాకా నన్ను అడగని తెలుగువాడు లేడు. అదేదో నా మంచితనం అనుకునేవాళ్ళున్నారు. కాదు. నా తెలివికే వదిలేసి ఉంటే ఆవిడ ముక్కూమొహం తెలియని నర్సింగ్ హోమ్‌లో పోయేవారు. ఆ ముక్క ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

పదేళ్ళ కింద, డెబ్భైల చివర, మా అక్క స్పాన్సర్ చేస్తే పిస్కాటవే వచ్చాను. అక్క డాక్టరు. నేను ఇంటర్ రెండుసార్లు రాసి, దానికి నేను నచ్చలేదని వదిలేసినవాణ్ణి. వేర్‌హౌస్‌లో అట్టపెట్టెలకి టేపు అంటించే ఉద్యోగం దొరికింది. టేపుకి ఇంగ్లీషు అక్కర్లేదని నేనంటే, నీకు కావాలని అక్క నన్ను లైబ్రరీ కింది గదిలో శనివారాలు జరిగే ఉచిత ఇంగ్లీషు క్లాసులో పడేసింది.

టీచరమ్మది లాట్వియా. మ్యాపులో రష్యా రంగులో మునిగిపోయి ఉంటుంది. యుద్ధంలో పారిపోయి, జర్మనీ శిబిరాల్లో ఇంగ్లీషు నేర్చుకుని, ఇక్కడికి చేరారు. భర్త పోయారు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక నల్ల అట్ట నోట్‌బుక్కు. ‘సెల్ఫ్’ తగిలించుకున్న ఇంగ్లీషు మాటలన్నీ ఒక పక్క, వాటికి లాట్వియన్‌లో ఏమంటారో రెండో పక్క. మూడో పక్క ఖాళీ, మా మా భాషల్లో ఏమంటామో అడిగి రాసుకోవడానికి.

‘బిహేవ్ యువర్‌సెల్ఫ్’కి వాళ్ళ భాషలో ‘ఉజ్వెదియెస్’. అందరికన్నా ముందు నాకే వచ్చిన మాట అది, ఎందుకంటే క్లాసులో అది నాకే పడేది. గోడగడియారాన్ని పావుగంట ముందుకు తిప్పింది ఎవరో ఆవిడకి ఎవరూ చెప్పకుండానే తెలిసేది. దానికి తెలుగు అడిగితే బుద్ధిగా ఉండు అని చెప్పాను. మరి ఇందులో సెల్ఫ్ ఏదీ అన్నారు. మాకు ఆ పని పక్కింటివాళ్ళు చూసుకుంటారండీ అన్నాను. ఆవిడ నవ్వకుండా అదే రాసుకున్నారు.

ఇంగ్లీషులో ఎవరి చెయ్యి వాళ్ళే పట్టుకుని నడవాలి అనేవారు. ఆవిడకి అన్నిటికన్నా ఇష్టమైన మాట ‘హెల్ప్ యువర్‌సెల్ఫ్’. లాట్వియన్‌లో దానికి ‘త్సియెనాయియెతియెస్’ అంటారు. అందులో గౌరవం ఉందని, మీకు మీరే మర్యాద చేసుకోండి అన్నట్టుంటుందని మురిసిపోయేవారు. దానికో పరీక్ష కూడా ఉండేది. వాము వాసన వేసే నల్ల రొట్టె ముక్కలు కోసి బల్ల మీద పెట్టి, ఒక్కసారంటే ఒక్కసారే ‘హెల్ప్ యువర్‌సెల్ఫ్’ అనేవారు. నేను అలవాటు కొద్దీ, అబ్బే ఇప్పుడే తిని వచ్చాను అన్నాను. పళ్ళెం నా ముందు నుంచి జరిగిపోయింది. మూడు వారాలు అదే అబ్బే, మూడు వారాలు పస్తు.

కసి తీర్చుకోవాలి కదా. ఒక ఆదివారం ఆవిడని భోజనానికి పిలిచాను. పులిహోర, గారెలు, పాయసం. నువ్వు వడ్డిస్తే నా మీద ఒట్టే అని మా ఆవిడ చేతులు కట్టేశాను. టీచరమ్మ కూర్చోగానే ‘హెల్ప్ యువర్‌సెల్ఫ్’ అని ఒక్కసారి అని, నా కంచంలో ఆరు గారెలు వేసుకున్నాను. ఆవిడ ఆకలిగా లేదన్నారు. సరే అన్నాను. ఖాళీ కంచం ముందు పెట్టుకుని ఆవిడ వాతావరణం గురించి మాట్లాడారు. తర్వాత కర్టెన్ల గురించి. ముప్పావుగంటైనా కళ్ళు గారెల మీద నుంచి మరలలేదు గానీ చెయ్యి మాత్రం ఒళ్ళోంచి లేవలేదు. చివరికి మా ఆవిడ ఒట్టు గట్టున పెట్టి, వద్దంటున్నా నాలుగు గారెలు వడ్డించింది. ఆవిడ ఏడు తిన్నారు.

“మా ఊళ్ళో మొదటిసారి అడిగేది మర్యాదకి. రెండోసారీ మర్యాదకే. మూడోసారి అడిగితే అప్పుడు ఆకలేస్తుంది,” అన్నారు మూతి తుడుచుకుంటూ.

మరి క్లాసులో మమ్మల్నెందుకు మాడ్చారండీ అని అడిగాను.

“నువ్వు ఈ దేశంలో బతకాలా వద్దా?”

ఐదేళ్ళ తర్వాత ఆవిడ మంచు మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. మెట్లెక్కి ఒంటరిగా ఉండటం ఇక కుదరదని, ఎక్కడో దూరంగా ఉన్న నర్సింగ్ హోమ్‌కి పంపుతామని ఆస్పత్రివాళ్ళు కాగితాలు తయారుచేశారు. సోమవారం సంతకం. ఆవిడని మన వెనక గదికి తెచ్చేద్దామని మా ఆవిడ అంటే ఆదివారం వెళ్ళాం. పార్కింగ్ దొరక్క తను కార్లోనే ఉంది. నేను పైకి వెళ్ళి అడిగాను. ఆవిడ థాంక్యూ చెప్పి, నన్ను నేను చూసుకోగలను అన్నారు. నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు ‘టేక్ కేర్ ఆఫ్ యువర్‌సెల్ఫ్’ అని దర్జాగా దిగి వచ్చేశాను.

“ఎన్నిసార్లు అడిగారు?” అంది మా ఆవిడ.

“ఒక్కసారి. అమెరికాలో అంతే మరి.”

“గారెలు తిన్న రోజు ఆవిడ ఏం చెప్పారండీ?”

నేను తాళాలకి చెయ్యి చాపాను.

“పైకి వెళ్ళి అడిగి రండి. తాళాలు నా దగ్గరే ఉంటాయి.”

రెండోసారి అడిగితే మీ ఆవిడకి శ్రమ అని కిటికీ వైపు తిరిగారు. మూడోసారికి నా దగ్గర వేళాకోళం అయిపోయింది.

“టీచర్, మా ఇంటికి వచ్చెయ్యండి. మీరు అంత దూరం వెళ్ళిపోతే నన్ను తిట్టేవాళ్ళు ఉండరు.”

ఆవిడ మంచం కింద చూడమన్నారు. సంచీ జిప్పు వేసి ఉంది. దాని మీద కోటు మడత పెట్టి ఉంది.

“నువ్వొచ్చి అడుగుతావని పొద్దున్నుంచీ సర్దుకుని కూర్చున్నాను. ఒక్కసారి అడిగి వెళ్ళిపోతావా? ఎవరు నేర్పారు నీకు?”

“మీరే.”

“అది ఇక్కడివాళ్ళతో. నాతో కాదు.”

అలా వచ్చి మూడేళ్ళున్నారు. చలికాలం రాగానే పెరట్లో మేపుల్ కొమ్మకి ఉప్పు లేని పందికొవ్వు ముక్క నాచేత దారంతో కట్టించేవారు, పిట్టల కోసం. వాళ్ళ దేశంలో అలవాటట. మా ఆవిడ గుడ్డు కూడా ముట్టదు. నవంబరు నుంచి మార్చి దాకా ఆ వైపు కిటికీ తెర తీసేదే కాదు.

నిన్న మంచు పడింది. నేను లేచేసరికి మా ఆవిడ గిన్నెలు తోమే రబ్బరు గ్లవుజులు వేసుకుని, ముక్కుకి కొంగు బిగించి, స్టూలెక్కి ఆ కొమ్మకి కొత్త ముక్క కడుతోంది. ఎప్పుడు దిగుతుందా అని రెండు పిట్టలు కంచె మీద కాచుకుని ఉన్నాయి.