బావ రీలుకు నేను చుట్టిన దారం

కరీంనగర్‌లో మేముంటున్న ఇంటి పై వాటాలో ఒక బ్యాంకు ఉద్యోగి ఉంటాడు. ఆదివారం తెల్లారితే గాలం పట్టుకుని మానేరు డ్యాం కట్ట మీదికి పోయే రకం. నిన్న మధ్యాహ్నం గాలపు దారం చుట్టే కొత్త రీలు ఒకటి చేత పట్టుకుని మెట్లు దిగి వచ్చి, నా పక్క కుర్చీలో కూర్చుని, అల్లిన బ్రెయిడ్ దారం వేస్తే రీలు తొందరగా అరిగిపోతుందని దుకాణంవాడు అంటున్నాడు, మీరు బొగ్గుబాయిలో రోపుల పని చేసినవారట కదా, నిజమేనా చెప్పండి అని అడిగాడు. నేను రీలు అందుకుని, దారం మలుపు తిరిగే చోట ఉండే చిన్న చక్రాన్ని గోటితో గీకి చూసి, ఇది గట్టి ఉక్కే, ఇసుక చేరకుండా కడుక్కుంటే నీ రిటైర్మెంటు దాకా వస్తుందన్నాను. అయితే ఉత్త లోహం మీద మాత్రం చుట్టకు, అడుగున ముందు కొన్ని చుట్లు నైలాన్ దారం వేసి దాని మీద ఇది బిగించి చుట్టు అని కూడా చెప్పాను. ఎందుకని అడిగాడు. జారుతుందన్నాను. ఆయన సంతోషంగా మెట్లెక్కి పోయాడు గానీ, ఆ మాట అన్న దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు, రాత్రి అన్నం కూడా సయించలేదు.

మన ఈడువాళ్ళలో మందమర్రి, బెల్లంపల్లి బాయిల్లో చేసినవాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు, తక్కినవాళ్ళ కోసం చెబుతాను. ఆ రోజుల్లో బొగ్గు నింపిన టబ్బులను బాయి లోపలి వాలు మీదుగా పైకి లాగేది హాలేజీ యంత్రం. పెద్ద ఇనుప డ్రమ్ము, దాని మీద బొటనవేలంత లావున ఉక్కు రోపు, పక్కన బ్రేకు లీవరు పట్టుకుని కూర్చునే ఆపరేటరు. మా బావ, అంటే మా అక్క భర్త, ఇంచుమించు ముప్పై ఏళ్ళు ఆ లీవరు దగ్గరే కూర్చున్నాడు. నాది రోపు చూసే పని. షిఫ్టు మొదట్లో రోపును గోనెగుడ్డతో పట్టుకుని, తీగ ఎక్కడైనా తెగిందా, పుల్లీల దగ్గర అరిగిందా అని బారెడు బారెడు తడిమి చూసి, గ్రీజు పూసి, బావ దగ్గరికి పోయి మంచిగుంది అనేవాణ్ణి. ఆ ఒక్క మాట మీద ఆయన యంత్రం కదిలించేవాడు. కింద పట్టాల పక్కన మనుషులు పని చేస్తుంటారు, రోపు తెగితే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు, అయినా ఆయన ఒక్కనాడు లేచి వచ్చి తన కళ్ళతో చూసుకున్నది లేదు. కొత్త ఆపరేటర్లు నేను చెప్పాక కూడా వచ్చి వంగి చూసేవాళ్ళు, అది నాకు పెద్ద అవమానంగా ఉండేది. బావ మాత్రం నా ముఖం వైపైనా చూడకుండా లీవరు మీద చెయ్యి వేసేవాడు.

ఆ చెయ్యి గురించి బాయిలో చెప్పుకునేవాళ్ళు. కింద ఎక్కడో టబ్బు పట్టా తప్పబోతుంటే రోపు బిగువులో వచ్చే చిన్న తేడా లీవరు లోంచి ఆయన అరచేతికి తెలిసిపోయేది, సిగ్నలు గంట మోగేలోపే ఆపేసేవాడు. ఆ సంగతి తనంతట తాను ఎన్నడూ చెప్పుకోలేదు గానీ, ఇంకొకరు చెబుతుంటే వినడానికి ఎంత పని ఉన్నా ఆగేవాడు.

ప్లే డే అని మేమనుకునే వారపు సెలవు వస్తే ఇద్దరం బస్సెక్కి మంచిర్యాల పోయి, అక్కడి నుంచి గోదావరి ఒడ్డుకు నడిచేవాళ్ళం. బావ దగ్గర ఒక రీలు ఉండేది, బదిలీ మీద వెళ్ళిపోతూ ఒక ఇంజినీరు ఇచ్చి పోయినది, చేతికి బరువుగా ఉండే పాతకాలపు సామాను. తవుడు, పల్లిచెక్క, గోధుమపిండి కలిపి చేపల కోసం అక్క ముద్ద చేసి ఇచ్చేది, మా కోసం జొన్నరొట్టెలు కట్టేది, ఆ రెండింట్లో మెత్తగా ఉన్నది చేపలదేనని బావ ఏడిపించేవాడు. సాయంత్రానికి ఒక రవ్వ చేపో బొచ్చె చేపో తెస్తే చింతపండు పులుసు పోసి వండేది, తలకాయ ఎప్పుడూ బావ కంచంలోకే పోయేది, నేను వాటా అడిగినట్టు గుర్తు లేదు. ఇప్పుడు ఆ పులుసు వాసన ఏ ఇంట్లోంచి వచ్చినా నేను అక్కడ ఆగలేను.

బావ నాకంటే చాలా ముందు రిటైరయ్యాడు. కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి మందమర్రిలోనే రెండు గదుల ఇల్లు చూసుకున్నారు. కొన్నేళ్ళకు ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట చాయ్ సాసర్లోకి ఒలికేది, తర్వాత అంగీ గుండీలు పెట్టుకోవడం కష్టమైంది, తర్వాత కంచంలోంచి నోటి దాకా ముద్ద చేరడమే గగనమైంది. అక్క కలిపి తినిపించబోతే ముఖం తిప్పుకునేవాడు. సగం అన్నం అంగీ మీద పడినా సరే తన చేత్తోనే తినేవాడు, ఆ తినడం చూడలేక అక్క వంటింట్లోకి పోయి ఏదో సర్దుతున్నట్టు నటించేది. అయితే ఒక విచిత్రం ఉంది. ఒడ్డున గాలపు కర్ర చేతికి రాగానే ఆ వణుకు బాగా తగ్గేది. డాక్టరు దానికేదో కారణం చెప్పాడు గానీ మాకు అర్థం కాలేదు. నేను కూడా రిటైరై ఊరికే ఉన్నాను కాబట్టి వారానికి రెండుసార్లు తీసుకుపోయేవాణ్ణి. చేప పడినా పడకున్నా ఆ రెండు గంటలు ఆయన చెయ్యి ఆయన మాట వినేది, ఇంటికొచ్చి ఆ పూట అన్నం కూడా కాస్త శుభ్రంగా తినేవాడు.

అప్పుడొచ్చింది ఇంకొక చిక్కు. వేళ్ళ కొసలకు స్పర్శ తగ్గుతోంది, గాలానికి పెట్టిన పిండిని చేప ముట్టుకున్నది తెలియడం లేదు అన్నాడు. నైలాన్ దారం రబ్బరులా సాగుతుంది, దూరాన చేప మెల్లగా తగిలితే ఆ కదలిక సాగుడులోనే కలిసిపోతుంది. అల్లిన బ్రెయిడ్ దారం సాగదు, సన్నగా ఉండి కూడా బరువు లాగుతుంది, అవతల చీమ కుట్టినా ఇవతల వేలికి తెలుస్తుందని ఎవరో చెబితే, హైదరాబాదు పోయినప్పుడు కొని తెచ్చాను. చుట్టే పని నాదే అన్నాను. రోపు సంగతి నాకు తెలియనిదా? పాత నైలాన్ అంతా విప్పి పారేసి, రీలులో దారం చుట్టుకునే చుట్టుగుండును అద్దంలా తుడిచి, దాని మీద కొత్త దారం చుట్టాను. చుడుతూ చుడుతూ, ఇన్నేళ్ళూ ఉక్కు రోపుకు చేసినట్టే, గుడ్డకు పలచగా గ్రీజు అద్ది దారం పొడవునా రాస్తూ పోయాను. గ్రీజు పూస్తే రోపు అరగదు, డ్రమ్మూ అరగదు, మా పనిలో అది అ ఆలు. పక్కన కూర్చుని చూస్తున్న బావ ఒక్క ప్రశ్న అడగలేదు.

దారం చెప్పినట్టే పని చేసింది. చిన్న చేప తగిలినా వేలికి తెలుస్తోందని, కరెంటు తీగ పట్టుకున్నట్టుందని బావ పిల్లాడిలా మురిసిపోయాడు. రెండు మూడు నెలలకు, దారం మలుపు తిరిగే ఇత్తడి చక్రం మీద సన్నని గాడి పడటం నేను గమనించాను. మెత్తని ఇత్తడి, తడిసిన అల్లికలో ఇసుక రేణువులు, అరగక ఏమవుతుంది? పుల్లీ మీద రోపు గాడి చేసుకున్నాక ఆ గాడి అంచే మళ్ళీ రోపును తినడం నేను ఎన్నిసార్లు చూశానో. తెలిసిన లేతు పనివాడి దగ్గర కూర్చుని ఉక్కు చక్రం చేయించి, నున్నగా రుద్దించి బిగించాను. నా అంతటి జాగ్రత్తపరుడు లేడనుకున్నాను. పైకి కనిపించే గాడి సరిచేసి, లోపల నేను చేసిన తప్పును తలచుకోనైనా లేదు.

ఆ పొద్దున వాన వెలిసి ఎండ కాస్తోంది, నీళ్ళు మట్టి రంగులో ఉన్నాయి. బావ కర్రకు పెద్ద బొచ్చె తగిలింది. అది లోతుకు లాగుతుంటే ఆయన వణుకు పూర్తిగా ఆగిపోయింది, ఆ ముఖంలో లీవరు దగ్గర కూర్చున్నప్పటి మనిషి కనిపించాడు. ఆయన రీలు తిప్పుతున్నాడు గానీ దారం రావడం లేదు. చేప లాగితే మాత్రం దారం జారిపోతోంది. రీలు ముందు ఉండి, చేప లాగితే దారం ఎంత వదలాలో అదుపు చేసే బ్రేకు బిరడా వదులుగా ఉందనుకున్నాను.

“బ్రేకు బిగియ్యి బావా.”

“బిగించిన.”

“బిగియ్యలే. నీ వేళ్ళు తిరుగుతలెవ్వు. ఇటియ్యి.”

ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, కర్ర నా చేతిలో పెట్టాడు. నేను బిరడా పట్టుకుని తిప్పబోతే అది కదలలేదు. అప్పటికే బిగించి ఉంది, ఎంత బిగుసుకోవాలో అంతా బిగుసుకుని ఉంది. నాకు ఆ క్షణంలోనే తెలిసింది, ఆయన చేతిలో లోపం లేదు. అయినా నేను బిరడాను తిప్పుతున్నట్టు వేళ్ళు ఆడించాను. ఎందుకు ఆడించానో ఇప్పటికీ నాకు సరిగా చెప్పడం రాదు. దారం అట్లాగే జారింది, చేప రాళ్ళ వైపు తిరిగింది, ఒక్క గుంజు గుంజితే చేతిలో బరువు పోయింది. ఇంటిదారి పట్టినప్పుడు బస్సులో ఆ చెయ్యి ఆయన ఒళ్ళో ఆగకుండా వణుకుతోంది, ఆయన దాన్ని ఆపే ప్రయత్నం కూడా చేయలేదు.

ఇంటికి పోయి రీలు విప్పి చూశాను. దారం కట్టనంతా బొటనవేలితో నెడితే, సన్నబడ్డ మణికట్టు మీద గాజు తిరిగినట్టు, చుట్టుగుండు మీద మొత్తం ఒక్కటిగా తిరిగింది. డ్రమ్ము మీద ఉక్కు రోపు కొసను క్లాంపు వేసి బిగిస్తాం, పైగా ఎప్పుడూ కొన్ని చుట్లు విప్పకుండా ఉంచుతాం, ఆ పట్టు మీదే బరువంతా నిలుస్తుంది. ఇక్కడ నున్నటి లోహం మీద ఒక్క ముడి, దాని మీద నా గ్రీజు. చిన్న చేపలకు ఆగింది, పెద్ద బరువు పడేసరికి జారింది. రోపు పని నేర్చుకునేవాడు మొదటి వారంలో తెలుసుకునే సంగతి ఇది. మా బాయిలో ఇంకెవరైనా చేసి ఉంటే నలుగురిలో పెట్టి నవ్వేవాణ్ణి.

మర్నాడే పోయి చెప్పవలసింది. చెప్పలేదు. ముందు గ్రీజంతా సబ్బునీళ్ళతో కడిగి, అడుగున నైలాన్ వేసి మళ్ళీ చుట్టి, బావను తీసుకుపోయి ఒక పెద్ద చేప పట్టిస్తే ఇక చెప్పే అవసరమే ఉండదని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. సిగ్గు అంత పని చేయిస్తుంది. అన్నీ సరిచేసి తీసుకుపోతే, బావ రీలును ముట్టుకోలేదు. నువ్వే ఉంచుకో బామ్మర్దీ, ఇగ నాతోని కాదు అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మరి రెండు మూడుసార్లు అడిగాను. ఆ తర్వాత అడగడం మానేశాను.

ఆ వారం నుంచే అక్క కలిపిన ముద్దలకు ఆయన నోరు తెరవడం మొదలుపెట్టాడు. అక్క మొదట సంతోషించింది, మొండితనం పోయిందనుకుంది. తర్వాత గుండీలు పెట్టించుకున్నాడు, తర్వాత ముఖం కడిగించుకున్నాడు, ఆ తర్వాత మంచం దిగలేదు. ఆ చలికాలం దాటలేదు. జబ్బు ఎట్లాగూ ముదిరేదే అని డాక్టరు అన్నాడు, నేను ఆ మాటను చాలాకాలం పట్టుకుని వేలాడాను.

నెల మాసికం అయిన మర్నాడు అక్క ఆయన అంగీలు మడతపెడుతుంటే నేను పక్కన కూర్చున్నాను. మాటల మధ్య గోదావరి ఒడ్డున ఆనాటి సంగతి ఆమే ఎత్తింది. ఆ రాత్రి బావ తనతో అన్నాడట, ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

“బ్రేకు బిగిసినట్టే నా వేళ్ళకు తెలిసింది గని, బామ్మర్ది బిగియ్యలే అన్నడు. రోపు కాడ వాడు ఎన్నడు అబద్ధం జెప్పలే. అంటే ఇగ నా వేళ్ళే నాకు అబద్ధం జెప్తున్నయి.”

అప్పుడు నేను అంతా చెప్పేశాను, గ్రీజు దగ్గర్నుంచి వేళ్ళు ఆడించిన దాకా. అక్క తిట్టలేదు. చేతిలోని అంగీ మడత పూర్తి చేసి, దాన్ని కింద పెట్టి, ఒక్క మాట అంది.

“గా మాట ఆయినకు జెప్తే, ఇంకొన్ని దినాలు తన చేతితోని బుక్కెడు తినేటోడురా.”

ఆ తర్వాత ఆమె నాతో మామూలుగానే ఉంది, పండక్కి పిలిచింది, పెట్టింది, కొన్నేళ్ళకు తనూ కన్నుమూసింది. ఆ మాటను మాత్రం మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మేము పనిచేసిన బాయి మూతపడి చాలాకాలమైంది. ఇప్పుడు బొగ్గు బెల్టుల మీద పోతుందని, రోపులున్న చోట కూడా వాటిని పరికరాలతో పరీక్షించి కాగితం మీద రాసిస్తారని, మనిషి నోటిమాట మీద ఎవరూ యంత్రం కదిలించరని పాత తోటివాళ్ళు కలిసినప్పుడు బాధగా చెబుతుంటారు. మా కాలంలో మాటకు ఎంత విలువుండేదో అని నిట్టూరుస్తారు. నేను తల ఊపుతాను గానీ వాళ్ళతో కలిసి నిట్టూర్చలేను. మందు పేరు చెప్పినా, దారి చెప్పినా, ఇంట్లో పిల్లలు ఇప్పుడు నా మాట విని ఊరుకోరు, ఫోన్‌లో ఒకసారి సరిచూసుకున్నాకే కదులుతారు. ఈ ముసలాయనకు కోపం వస్తుందేమోనని చాటుగా చూసుకుంటారు. చాటుగా ఎందుకు, నా ముందే చూసుకోండి అని చెప్పాలనిపిస్తుంది. వాళ్ళు అట్లా చూసుకుంటున్నంతసేపూ నాకు కొంచెం ఊపిరి ఆడుతుంది.