కొత్త పెట్టెలో వైరు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నీ నోటికి తాళం ఏసేటోడు ఇంక పుట్టలేదే" అని మా అమ్మ అంటే నవ్వేదాన్ని. ఐలేష్ సంగతి జరిగాక ఆ మాటకు నవ్వు రావడం లేదు.

నేను అరుణను. బడంగ్‌పేట్ నుంచి రోజూ కాలేజీ బస్సులో ఇబ్రహీంపట్నం వచ్చి కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేదాన్ని. అప్పట్లో సాగర్ రోడ్డు పొడుగునా ఏడాదికో ఇంజనీరింగ్ కాలేజీ లేచేది. భూమి ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మా ల్యాబ్ కట్టిన చోట అంతకుముందు గోపయ్య అనే ముసలాయన చెలక, వానకు పండే మెట్టచేను, ఉండేది. భూమి ఇచ్చిన ఇంటికి ఒక ఉద్యోగం ఇస్తామని కాలేజీవాళ్ళు కాగితం రాసిచ్చారు. చేసేవాడు చెయ్యలేకపోతే ఆ ఇంటి నుంచే ఇంకొకరు రావాలి, ఎవరూ రాకపోతే ఉద్యోగం పోయినట్టే. అలా గోపయ్య కొడుకు ఐలేష్ నా కింద అసిస్టెంటుగా చేరాడు.

వాళ్ళది చేపలు పట్టే ఇల్లు కూడా. చెరువులో నీళ్ళు ఇంకిపోయాక వలలు అటకెక్కాయి. పదో తరగతి తప్పిన మనిషి, కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడం, పెద్ద తెరకు తగిలించడం చూస్తూ చూస్తూనే నేర్చుకున్నాడు. నెట్‌వర్క్ వైరు లోపల ఎనిమిది సన్నటి తీగలుంటాయి. రెండేసి మెలిపెట్టిన నాలుగు జతలు, జతకో రంగు. ప్లగ్గులో ఆ రంగుల వరుస తప్పిందా, ఒక కంప్యూటరు ఇంకోదానితో మాట్లాడదు. మా లెక్చరర్లు పుస్తకం ముందు పెట్టుకుని చేసే ఆ పనిని ఐలేష్ కిటికీలోంచి బయటికి చూస్తూ, కబుర్లు చెబుతూ చేసేసేవాడు.

"వల అల్లినోనికి గిదెంత మేడం!" అనేవాడు.

ఆయనకు ఒక్కతే బిడ్డ, శివాని. మా కాలేజీలోనే చివరి సంవత్సరం చదువుతోంది. గచ్చిబౌలి వైపు ఒక కంపెనీ ఆమెను ఎంపిక చేసింది కూడా. "దినమంత నేను టేబుళ్ళ కింద పాకుతున్న మేడం. నా బిడ్డ టేబుల్ ముందర కూసోవాలె. గంతే, ఇంకేం ఒద్దు నాకు" అని ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

ఆ ఏడాది ఐలేష్ పని నెమ్మదించింది. తెర మీద బొమ్మ మసకగా ఉన్నా సరిచేసేవాడు కాదు, ఎవరైనా పిల్లల్ని పిలిచి చూడమనేవాడు. కుర్చీలు తగిలి తూలేవాడు. నాకు ఒళ్ళు మండేది. బద్ధకం అనుకున్నాను.

"మస్తు ముదిరినవ్ ఐలేష్. పనికి ఒళ్ళు ఒంగుతలేదా?" అని ఒకసారి పిల్లల ముందే అన్నాను.

"అవ్ మేడం, వయసు మీద వడ్తున్నది" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి ఇంకా మండింది నాకు.

మార్చిలో కాలేజీకి తనిఖీ బృందం వచ్చింది. సెమినార్ హాల్లో ఆరుగురు పిల్లలు తాము చేసిన ప్రాజెక్టులు చూపించాలి. మొదటి పేరు శివానిది. ఊరి చేన్లలో బోరునీళ్ళ లెక్కలన్నీ ల్యాబ్ కంప్యూటర్లో ఉంటే, వాటిని హాల్లో తెర మీదికి తెప్పించి చూపించే ప్రాజెక్టు. ల్యాబ్‌కూ హాలుకూ మధ్య వైరు పడితేనే అది నడుస్తుంది. ముందురోజే ప్రిన్సిపాల్ గారు వేరే కంపెనీ వైరు కొత్త పెట్టె తెప్పించారు. ఐలేష్ తెల్లవారే వచ్చి వైరు లాగాడు, ప్లగ్గులు బిగించాడు. వైరు కలిస్తే ప్లగ్గు పక్కన వెలగాల్సిన చిన్న లైటు వెలగలేదు. కోసి మళ్ళీ చేశాడు. వెలగలేదు. అప్పటికే బృందం వాళ్ళు వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు.

నా నోరు ఊరుకుంటుందా? ప్లగ్గులు బిగించే పట్కారు తీసుకెళ్ళి ఆయన చేతిలో కుక్కాను. "ఇజ్జత్ తీస్తున్నవ్ కద! ఈడనే కూసో. నా కండ్ల ముందర చెయ్. ఎట్ల వెలగదో చూస్త" అన్నాను. నా గొంతు హాలంతా వినబడింది.

ఐలేష్ నేల మీద కూర్చున్నాడు. తీగలు విడదీసి, బొటనవేలితో ఒక్కో జతనూ తడిమాడు. మళ్ళీ తడిమాడు. నుదుటి మీద చెమట కారుతోంది. నాకు బెదిరి అనుకున్నాను. ఎంతకూ తేలలేదు. చివరికి తలెత్తి, ఎటో చూస్తూ పిలిచాడు.

"శివానీ... జర రా బిడ్డా."

శివాని పరుగెత్తుకొచ్చి ఆయన పక్కన కూర్చుంది. తీగల్ని వరుసగా పేర్చి తండ్రి వేళ్ళ మధ్య పెట్టింది. ఆయన బిగించాడు. లైటు వెలిగింది. ఎదురుగా గోడంత తెర మీద బోర్ల లెక్కలన్నీ వచ్చిపడ్డాయి.

"బొమ్మ వడ్డదా బిడ్డా?" అన్నాడు, ఆ తెరకు ఆరడుగుల దూరంలో కూర్చుని.

"వడ్డది బాపూ" అంది శివాని.

షుగర్ వల్ల రెండేళ్ళుగా చూపు పోతోందట. వెలుగూ చీకటీ తెలుస్తాయి, రంగులు తెలియవు. ఏ జతకు ఎంత మెలిక ఉందో వేళ్ళతో తడిమి రంగు చెప్పేవాడు. జతలో తెల్లచారది ఏదో, ముదురుది ఏదో మాత్రం కంటికి ఆనేది. వల కన్ను బిగువు చూసిన వేళ్ళు కదా! కానీ కొత్త పెట్టెలో ఆ కంపెనీ మెలికలు వేరు. ఇవన్నీ శివాని తర్వాత చెప్పింది. ఆమె పరీక్షలు అయ్యేదాకా ఎవరికీ తెలియనివ్వద్దని ఇంట్లో అనుకున్నారట. ఇంకో రెండు నెలలైతే అయిపోయేది. లేచి బయటికి పోయి ఉంటే గుట్టు దాగేదేమో, బిడ్డ ప్రాజెక్టు మాత్రం ఆగిపోయేది. అందుకే పిలిచాడు.

దుకాణంలోనే ప్లగ్గులు బిగించి అమ్మే వైరు, అంత పొడుగుదే, ఒకటి నా బీరువాలోనే ఉంది. తాళంచెవి నా సంచిలోనే ఉంది. ఆ క్షణంలో నాకు తిట్టడం తోచింది గానీ అది తోచలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

వారం తిరక్కుండానే కాలేజీవాళ్ళు ఐలేష్‌ను మర్యాదగానే ఇంటికి పంపారు. పదిహేను రోజుల్లో ఇంటి నుంచి ఇంకొకరు రావాలన్నారు. శివాని తల్లి జంగమ్మకు అక్షరం రాదు. శివానిని తీసుకున్న కంపెనీ, చేరే తేదీ తర్వాత చెప్తామని జరుపుతూనే ఉంది. ఆ ఏడాది చాలామందికి అలాగే అయింది. ఆ తేదీ చివరికి రానే లేదు. పరీక్షలు మధ్యలో రాసుకుంటానని చెప్పి శివాని తండ్రి ఉద్యోగంలో చేరింది.

చేరిన రోజు ఆమె భుజం పట్టుకుని ఐలేష్ కూడా వచ్చాడు. ల్యాబ్‌లో ముగ్గురమే ఉన్నాం. శివాని రిజిస్టరులో సంతకం పెడుతోంది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. క్షమించమని అడగాలని రాత్రంతా మాటలు కూడబెట్టుకుని వచ్చాను. ఇంత నోరున్నదాన్ని, ఒక్క మాట బయటికి రాలేదు.

"మేడం" అన్నాడు ఐలేష్. "నన్ను ఎన్నన్నా పడ్డ. నా పిల్లనైతే ఏమనకుండ్రి."

నేను ఇవతల ఉన్నాను. ఆయన అవతలి గోడకు దండం పెడుతున్నాడు.