ఆయ్ అన్న పాపానికి

మా కోనసీమలో 'వద్దు' అనే మాట లేదు. నిఘంటువులో ఉంటే ఉండొచ్చు, మా నోళ్లలో మాత్రం లేదు. ఎవరైనా ఏదైనా అడిగితే "చూద్దామండి" అంటాం. అస్సలు కుదరదు అనుకుంటే "అలాగేనండి, చూద్దామండి" అంటాం. అడిగినవాళ్లు అర్థం చేసుకుని వెళ్లిపోతారు.

ఇక 'ఆయ్' సంగతి. పై ఊళ్లవాళ్లు దానికి అవుననే అర్థం అనుకుంటారు. మాకు ఆ ఒక్క మాటకే బోలెడు అర్థాలున్నాయి. వింటున్నాను అని ఒకటి. మీరు పెద్దవారు అని ఒకటి. చెప్పడం అయిపోతే వెళతాను అని ఒకటి. మీరన్నది వినబడలేదు గానీ మళ్లీ అడిగితే బాగుండదు అని ఇంకొకటి. నా సంసారం తలకిందులైంది ఈ చివరి అర్థం వల్లే.

నాకు అక్షరాలు ముప్పై నాలుగో ఏట వచ్చాయి. చదువు మీద మమకారంతో నేర్చుకున్నానని చెబితే వినడానికి బాగుంటుంది. నిజం చెప్పాలంటే, ఒక 'ఆయ్'ని వెనక్కి తీసుకోవడానికి నేర్చుకున్నాను.

మాది మలికిపురం దగ్గర పల్లె. మా ఆయన చెట్లెక్కి కొబ్బరి దింపులు తీసేవారు. ఇంట్లో మా అత్తగారు, మా అమ్మాయి, ఒక గేదె. తొంభైల నడుమ, పిల్ల ఎనిమిదో తరగతిలో ఉండగా, నేను ఇంటిపనికి కువైట్ వెళ్లాను. పిల్లని నాలా కాకుండా బాగా చదివించాలని నా పట్టుదల. అందరూ మెచ్చుకున్నారు. తల్లి దగ్గర లేకపోతే పిల్ల చదువు ఎంత బాగా సాగుతుందో అప్పటికి మాలో ఎవరికీ తెలియదు.

అక్కడ మొదటిరోజు మేడమ్ వంటగది చూపించి ఏదో చెప్పింది. నేను "ఆయ్" అన్నాను. ఆవిడ ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుని చూసింది. స్నానాలగది చూపించింది. "ఆయ్" అన్నాను. ఈసారి నా కాళ్లు చూసింది. సాయంత్రానికి ఒక నొప్పుల మందు గొట్టం తెచ్చి నా చేతిలో పెట్టింది. పదిరోజులు నన్ను బరువులు ఎత్తనివ్వలేదు. పదకొండో రోజున ఆవిడకి అది నొప్పికి అరిచిన అరుపు కాదు, మా వైపు మాట అని అర్థమైంది. అప్పట్నించి ఆ ఇంట్లో బరువులన్నీ నావే.

మేడమ్‌కి నలుగురు పిల్లలు. పొద్దున్నే లేపి, స్నానాలు చేయించి, ఇస్త్రీ బట్టలు తొడిగి, డబ్బాలు సర్ది బస్సెక్కించడం నా పని. చిన్నది బడికి వెళ్లనని గుమ్మం పట్టుకుని వేలాడేది. దాన్ని గుమ్మం నుంచి ఊడదీసి మరీ ఎక్కించేదాన్ని. పరాయి పిల్లలు నలుగురు నా చలవ వల్ల ఒక్కరోజు కూడా బడి మానలేదు.

నెలకోసారి, శుక్రవారం, ఫోను చేసుకోనిచ్చేవారు. ఆ రోజు మావాళ్లు మలికిపురం వచ్చి ఎస్టీడీ బూత్‌లో బల్ల మీద కూర్చునేవారు. ఆ ఫోనులో నా మాట ముందు నాకే తిరిగొచ్చేది, తర్వాత అవతలివాళ్లకి చేరేది. బయట బస్సులు హారన్ కొడుతూ ఉండేవి. పిల్ల తొమ్మిదిలోకి వచ్చిన ఏడాది ఒకసారి మా అత్తగారు మాట్లాడారు.

"ఏమ్మా, కులాసాయేనా?"

"ఆయ్. మీరు కులాసాయేనాండీ?"

"ఏం కులాసా. మోకాళ్లు పట్టేసేయి. పీట మీద కూర్చుంటే లేవలేకపోతున్నాను."

"ఆయ్."

"గేదె ఈనింది. పాలు పితకాలి, కుడితి పెట్టాలి."

"ఆయ్."

తర్వాత ఒక బస్సు వచ్చినట్టుంది. హారన్ మోతలో 'పిల్ల' అన్నది వినబడింది, 'పని' అన్నది వినబడింది. పిల్ల నాయనమ్మకి పనిలో సాయం చేస్తోంది కాబోలు, బుద్ధిమంతురాలు అనుకున్నాను.

"మరి నీకు సమ్మతమేనా?" అన్నారు అత్తగారు.

"ఆయ్" అన్నాను.

మళ్లీ నెల ఫోను మా ఆయన ఎత్తారు. పిల్ల బడి ఎలా సాగుతోందండీ అని అడిగాను.

"బడేంటి? మానిపించేసేం కదా."

"మానిపించేసేరా?" అన్నాను. ఆ మాట ముందు నాకే తిరిగొచ్చింది.

"ఎవరు మానిపించమన్నారండీ?"

"నువ్వే. అమ్మ అడిగితే ఆయ్ అన్నావు కదా. బూత్ ఆయన కూడా విన్నాడు. ఏమండీ, అందా లేదా?"

వెనక నుంచి బూత్ ఆయన గొంతు, "అన్నారండి" అని. మా కుటుంబ వ్యవహారంలో సాక్షి కూడా దొరికాడు.

"అది కాదండీ, నాకు వినబడలేదండీ," అంటుండగా అత్తగారు ఫోను తీసుకున్నారు.

"మాట మారిస్తే ఎలాగమ్మా. నువ్వు అక్కడ పనిలో ఉంటివి. ఇక్కడ పని ఎవరు చేస్తారు? పిల్ల చక్కగా చేస్తోంది. అంట్లు తోమితే అచ్చం నువ్వు తోమినట్టే ఉంది."

నాలా కాకూడదనే కదా సముద్రం దాటి వచ్చింది. ఒకరింట్లో నేను తోముతుంటే, మా ఇంట్లో నా పీట మీద నా కూతుర్ని కూర్చోబెట్టారు. ఇంతా జరిగాక, పెద్దావిడ చెప్పడం ఆపి నా జవాబు కోసం ఎదురుచూస్తే నేను ఏమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గు. "ఆయ్" అన్నాను.

పక్క మేడలో కడప వైపు ఆవిడ ఒకామె నాలాగే పనిచేసేది. రెండు మేడలకీ నడుమ పిట్టగోడ. బట్టలు ఆరేసే వేళ పది నిమిషాలు మా సంసారాలు చెప్పుకునేవాళ్లం. ఏడో తరగతి చదివింది, నాకన్నా చిన్నది, నోరు మాత్రం పెద్దది. సంగతంతా విని క్లిప్పులు కింద పెట్టింది.

"వద్దని చెప్పేదానికి నీకేం నొప్పక్కా?"

"చెప్పేను. అది కాదండీ అన్నాను."

"అది కాదండీ అంటే వద్దనా?"

"మా వైపు అంతేనండి."

"మీ వైపు మనిషిని పొడిచేటప్పుడు గూడా అండీ అంటారేమో."

"మేం పొడవమండి," అన్నాను.

ఆవిడ చాలాసేపు నవ్వింది. తర్వాత, "ఫోన్లో నీ వల్ల కాదు, ఉత్తరం రాయాల. నేను రాసిస్తా తీసుకో," అంది. నేను ఒప్పుకోలేదు. పరాయి చేత్తో ఉత్తరం వెళితే మా అత్తగారు ఏమంటారో నాకు తెలుసు. ఎవరో ఎగదోసి రాయించేరు, మా కోడలు నాతో నోటితో ఆయ్ అంది అంటారు. అది నా చేత్తోనే వెళ్లాలి. నా చేతిరాత మావాళ్లెవరూ ఎరగరు గానీ, అంత అధ్వానంగా రాసేది అక్షరం రాని మనిషే అయ్యుండాలని పోల్చుకుంటారు.

రాజోలు ఆవిడ ఒకరు వచ్చే శుక్రవారం సెలవు మీద ఊరు వెళుతున్నారు. ఉత్తరం ఆవిడ చేతికివ్వాలి. నడుమ ఎనిమిది రోజులు.

"అఆలు మొత్తం నేర్చుకునేదానికి నీకు టైము లేదు. నీకు కావలసిన అక్షరాలు మటుకు నేర్చుకో," అంది మా పంతులమ్మ. అలా నేను లోకంలో అందరూ మొదలుపెట్టినట్టు 'అ'తో కాకుండా 'పి'తో మొదలుపెట్టాను. మాకు కావలసినవి రెండు వాక్యాలు: పిల్ల బడి మానకూడదు. రేపే పంపాలి.

దిద్దుకోవడానికి పలక ఎక్కడిది? కిటికీ అద్దాలు ఉన్నాయి. సబ్బునురుగు పూసి వేలితో 'పి' రాయడం, తుడవడం, 'ల' రాయడం, తుడవడం. ఆ వారం ఆ ఇంట్లో అద్దాలు మెరిసినట్టు ఎప్పుడూ మెరవలేదు. మేడమ్ తన చుట్టాలని తీసుకొచ్చి నన్నూ కిటికీలనూ చూపించింది. 'కూ' దగ్గర మాత్రం మూడు కిటికీలు పట్టింది. ఆ కొమ్ము ఎటు తిప్పాలో, ఎంత సాగదీయాలో చేతికి ఎక్కలేదు.

గురువారం నాటికి రెండు వాక్యాలూ వచ్చాయి. అప్పుడు నాకు భయం పట్టుకుంది.

"అత్తయ్యగారండీ అని ముందు ఒక మాట రాయాలండి. లేకపోతే బాగుండదు."

"త కింద త ఒత్తు, య కింద య ఒత్తు, మళ్లీ గా, మళ్లీ రం. అన్నీ కొత్తవే. ఇంకో నాలుగు రోజులు కావాల. పోనీ వచ్చే ఏడాది ఎవురైనా పోతే పంపుదువులే."

"చివర ఒక్క అండీ అయినా..."

"అండీ పెడితే అది ఉత్తరం కాదక్కా. మళ్లా నీ 'ఆయ్' మాదిరే."

అలా టైము చాలక నేను మర్యాద తప్పాను. కాగితం నిండా బారెడేసి అక్షరాలతో అయిదంటే అయిదు మాటలు రాశాను. క్షేమమని తలుస్తాను లేదు, నమస్కారాలు లేవు, ఎవరి ఆరోగ్యమూ అడగలేదు. పెళ్లయ్యాక ఆ ఇంట్లో ఎవరితోనూ 'కూడదు' అని ఎరగను.

ఆ తర్వాతి ఫోను కోసం మూడు వారాలు ఆగాను. ఆ మూడు వారాలూ చిన్నదాన్ని గుమ్మం నుంచి ఊడదీస్తుంటే, ఇదే సమయానికి మా ఇంట్లో నా కూతురు గేదెకి కుడితి పెడుతూ ఉంటుందని లెక్కవేసుకునేదాన్ని.

ఫోను మా ఆయనే ఎత్తారు. గొంతు తగ్గించి మాట్లాడారు.

"ఏంటలా రాసేవు? అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. నాకు ఉత్తరం రాసిందా, నోటీసు ఇచ్చిందా అని ఒకటే గొడవ. ఒక్క అండీ అయినా లేదేంటి?"

"రాయడం రాదండీ."

ఆయన నమ్మలేదు. అండీ రాని మనిషి మా వైపు ఉంటుందని ఎవరు మాత్రం నమ్ముతారు? "అంత కోపమైతే ముందే చెప్పొచ్చు కదా. నేను మర్నాడే హెడ్మాస్టారి దగ్గరికెళ్లి బతిమాలుకుని దిగబెట్టొచ్చేను," అన్నారు.

నేను మళ్లీ అడిగాను. బస్సు హారన్ ఏమైనా అడ్డొచ్చిందేమోనని మూడుసార్లు అడిగాను. బడికే వెళుతోందని మూడుసార్లు చెప్పారు. మా అత్తగారు ఆ నెల ఫోను దగ్గరికి రాలేదు. నేను పదిహేనేళ్లుగా పలికిన ఆయ్‌లన్నీ ఒక పక్క, రాయలేకపోయిన ఒక్క అండీ ఒక పక్క వేస్తే, ఇదే బరువు తూగింది.

కొన్నాళ్లకి పిల్ల దగ్గర్నుంచి కవరు వచ్చింది. నా పేరున మొట్టమొదటి ఉత్తరం. నాకొచ్చిన అక్షరాలతో అంతా గాలించి 'బడి' అన్న మాటని నాలుగు చోట్ల పట్టుకున్నాను. మిగతాది పిట్టగోడ దగ్గర కడప ఆవిడ చదివింది.

కృతజ్ఞతతో కరిగిపోయి రాసి ఉంటుందని ఆశపడ్డాను. అదేం లేదు. బడికి వెళుతున్నానమ్మా, లెక్కల మాస్టారు మానేసిన రోజుల హోంవర్కంతా ఒకేసారి అడుగుతున్నారు, నువ్వు ఈ మాట మొదటే అనుంటే నాకీ బాధ ఉండేది కాదు అని రాసింది. గేదెని నాన్న పితుకుతున్నారు, కూర కూడా ఆయనే వండుతున్నారు, ఉప్పు ఎక్కువేస్తున్నారు అని రాసింది. కొబ్బరిచెట్టు చివరిదాకా ఎక్కగలిగిన మనిషి గేదె దగ్గర గొంతుక్కూర్చోగలరని ఆ ఇంట్లో అంతవరకూ ఎవరికీ తట్టలేదు.

కవర్లో ఇంకో కాగితం ఉంది. నా ఉత్తరమే, వెనక్కి వచ్చింది. 'పిల' అని రాసిన చోట ఎర్రసున్నా. 'మానకుడదు' చుట్టూ ఎర్రసున్నా. 'పంపలి' చుట్టూ ఇంకొకటి. అయిదు మాటల్లో మూడు తప్పులు. కింద, ఇలా రాస్తే మా తెలుగు మాస్టారు బల్లెక్కిస్తారు, తప్పులు దిద్ది మొత్తం పదిసార్లు ఇంపోజిషన్ రాసి పంపించు అని ఉంది.

"కూతురేనా, మీ అత్తా?" అంది కడప ఆవిడ.

ఇంపోజిషన్ నాకు కొత్త. అయినా పంతులమ్మలు చెప్పాక తప్పదు. మేడమ్‌ని అడిగి గీతల కాగితం తీసుకుని, వంటగది బల్ల మీద పెట్టుకుని, పిల్ల బడి మానకూడదు, రేపే పంపాలి అని పదిసార్లు రాసి, ఈసారి తపాలాలో వేశాను. పిల్ల కన్నా ముందు ఆ కవరు మా అత్తగారి చేతిలో పడిందట. ఆవిడ దాన్ని పట్టుకుని వీధిలో చదువొచ్చినవాళ్లందరి దగ్గరికీ వెళ్లి, పది వరసల్లోనూ ఒకటే ఉందా, ఎక్కడైనా ఒక్క అండీ అయినా ఉందా అని చదివించుకున్నారట. అంతా ఒకటేనండి అని చెప్పారట అందరూ.