నేను పెట్టని సంతకం

దయ్యాలనూ మాయలనూ నేను ఏనాడూ నమ్మలేదు. పదో తరగతితో చదువు ఆగినా, ఇరవై ఏళ్లుగా నరసరావుపేట లైబ్రరీలో సొంతంగా చదివి నేర్చుకున్నవాణ్ణి. ఎవరైనా అలాంటి కథ చెబితే, అది ఏ రోజు జరిగింది, చూసిందెవరు అని ఎదురు ప్రశ్నలు వేసేవాణ్ణి. ఇప్పుడు అవే ప్రశ్నలు నాకు నేనే వేసుకుంటున్నాను.

మా వీధుల్లో ఒకప్పుడు పద్యనాటకాలు ఆడినవాళ్లు ఉండేవారు. ఎవరిది ఏ ఇల్లు, రిహార్సల్స్ ఎక్కడ జరిగేవి, కిరీటాలు అద్దెకిచ్చిన కొట్టు ఏది అని ఏడాదిపాటు సందు సందూ తిరిగి రాసుకున్నాను. లైబ్రరీ మిత్రులను ఒక ఆదివారం పొద్దున నడిపించి అన్నీ చూపించాలని నా ఆశ.

ఆ తిరుగుడులోనే సరోజనమ్మ పెద్దమ్మ పరిచయమైంది. ఆమె తండ్రి ఆడవేషాలకు పేరుపడ్డ నటుడు. నాలుగోసారి వెళ్లినప్పుడు కాఫీ ఇచ్చి, ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. చివరి రోజుల్లో ఆయనకు గొంతు పోయింది. స్టేజీ మీద ఆయన పెదాలు కదిపితే, తెర చాటు నుంచి పద్యం పాడింది ఆయన భార్య.

"మా నాయన పేరు అట్టానే ఉండనీ. నువ్వు కడుపులోనే పెట్టుకో అబ్బాయ్" అంది. చేతిలో చెయ్యేసి మాటిచ్చాను. నోట్‌బుక్‌లో కూడా రాయలేదు.

ఆదివారం పదిమందిమి బయల్దేరాం. ఆమె ఇంటి ముందు ఆగి ఆయన వేషాల గురించి చెబుతున్నాను. మాతో వచ్చిన రిటైర్డ్ తెలుగు మాస్టారు మధ్యలో అందుకున్నారు.

"అసలు పాడింది ఆయన కాదయ్యా, ఆయన భార్య!"

"అయితే చప్పట్లన్నీ ఆమెకే పోవాల్సింది" అని ఎవరో నవ్వారు.

పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏందయ్యా, నిన్ను నమ్మి చెప్పానే" అంది నాతో. తలుపేసుకుంది.

మీకెవరు చెప్పారని మాస్టారిని నిలదీశాను. ఆయన తెల్లబోయారు. "నువ్వే గదరా! మొన్న బుధవారం లైబ్రరీలో చెప్పి, చానా సంబరపడ్డావు గూడా."

బుధవారం నేను మాచర్లలో ఉన్నాను. మా చెల్లెలి గృహప్రవేశం. తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా అక్కడే. అక్కడ ఫోన్‌లో తీసిన వీడియోలో పప్పు వడ్డిస్తున్నది నేనే.

సోమవారం లైబ్రరీ రిజిస్టర్ తిరగేశాను. బుధవారం పేజీలో, పదిన్నర గంటలకు, నా పేరు, నా సంతకం. చివర గీత కింద రెండు చుక్కలు పెట్టడం నా అలవాటు. అవీ ఉన్నాయి. "కిటికీ పక్కన మాస్టారితో కూర్చున్నావు గదన్నా" అన్నాడు లైబ్రేరియన్.

వీడియో ఉన్న ఫోన్ పట్టుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. రిజిస్టర్ సంగతి కూడా దాచకుండా చెప్పాను. ఆమె వీడియో చూడలేదు.

"సంతకం నీదేనా?" అని ఒక్కటే అడిగింది.

కాదని చెప్పలేకపోయాను.

ఇప్పుడు ఆ ఇల్లు రాకముందే పక్క సందులోకి తిరిగిపోతాను. నన్ను మోసం చేసినవాడు ఎవరో తెలిస్తే కనీసం కోపం తెచ్చుకునేవాణ్ణి. ఆ రోజు మాస్టారి పక్కన కూర్చుని నా మాట తప్పింది ఎవరో నాకు ఈనాటికీ తెలియదు.