అక్క తాగని చాయ్

మా జలపతి బావకు దేవుడి మీద కన్నా చాయ్ మీద భక్తి ఎక్కువ. పెళ్లిచూపులకు కోరుట్లలోని మా ఇంటికి వచ్చిన రోజు పిల్లను చూడకముందే, చేతిలో పెట్టిన చాయ్ ఒక గుటక తాగి "గిది ఎవలు పెట్టిండ్రు?" అని అడిగాడు. పెట్టింది మా పుష్పక్కే. అక్క బీడీలు చుట్టేది. చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పక్కన చాయ్ గ్లాసు ఉండాల్సిందే. ఇద్దరు చాయ్ పిచ్చోళ్లను ఒక చోట కట్టేశారని నేను బావను ఇప్పటికీ ఆటపట్టిస్తుంటాను.

సారంగాపూర్‌లో కాపురం పెట్టాక పొద్దున్నే ఒకే గిన్నెలో కాచుకుని, చెరో గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చునేవాళ్లు. ఆ కాసేపు ఎవరు పిలిచినా పలికేవాళ్లు కాదు. మరదలినైన నన్ను కూడా పట్టించుకునేవాళ్లు కాదు.

తర్వాత బావ డ్రైవర్‌గా ఇరాక్ పోయాడు. మొదటి ఏడాదే వాళ్ల క్యాంపు దగ్గర ఏదో గొడవ జరిగి చాలా రోజులు ఫోన్ రాలేదు. మేమంతా ఏడుస్తూ కూర్చుంటే, అక్క తలస్నానం చేసి పసుపు బట్టలో ముడుపు కట్టింది. కొండగట్టు ఆంజనేయుడి గుడి దిక్కు తిరిగి, "అంజన్నా, మనిషి ఇల్లు చేరి ఇంట్ల నిలిచేదాక నేను చాయ్ ముట్ట" అని మొక్కింది. బాగా ఇష్టమైనదాన్ని విడిస్తేనే మొక్కు అవుతుందట. ఏ వంకాయో కాకరకాయో విడవొచ్చు కదా అని నాకు కడుపు మండిపోయింది. మరుసటి వారమే బావ ఫోన్ చేశాడు.

లీవు మీద వచ్చినప్పుడు మొక్కు తీరినట్టేనని అందరం అనుకున్నాం. బావ బ్యాగు మూలకు పెట్టి, చెప్పులు కూడా సరిగ్గా విడవకుండా పొయ్యి దగ్గరికి పోయి పాలు పెట్టాడు. రెండు గ్లాసుల్లో పోసి ఒకటి అక్క ముందుంచాడు. అక్క దాన్ని ముట్టుకోలేదు.

"మల్ల పోవుడెప్పుడు?" అని అడిగింది.

"రెండు నెలలకు. రిటర్న్ టికెట్ ఉన్నది."

"గట్లైతే నువ్వు ఇంట్ల నిలువలే. సుట్టపు సూపుకు అచ్చినవు."

నేను ఊరుకుంటానా? "అంజన్న టికెట్లు సూత్తడా అక్కా?" అన్నాను.

"ఆయన సూడడు. నేను సూసిన కద."

అక్క వాళ్ల అత్త ముత్తవ్వ కూడా కోడలి దిక్కే మాట్లాడింది. లీవుకు వచ్చుడు వచ్చుడు కాదని, తన కాలంలో బొంబాయి పోయినోళ్లకు కూడా గిదే లెక్క అని తేల్చేసింది. అత్తాకోడళ్లు జీవితంలో ఒక్కటైంది ఆ ఒక్క విషయంలోనే. ఆ రోజు నుంచి బావకు ఒకటే ఆశ మిగిలింది. పుష్పతో కూర్చుని ఒక్క చాయ్ తాగాలి.

కానీ రిటర్న్ టికెట్ లేకుండా రావడం అంత సులువా? ఇంటి మీద స్లాబు వేయాలని ఒకసారి, బోరు ఎండిందని ఒకసారి, బిడ్డ ప్రణీత చదువని ఒకసారి, "గీ ఒక్క వీసానే" అంటూ పోయేవాడు. ఇరాక్ తర్వాత మస్కట్ పోయి ట్రెయిలర్ బండి నడిపాడు.

పోయిన ప్రతి చోటా చాయ్ తాగి, అది ఎట్లుందో అక్కకు వాట్సాప్‌లో వాయిస్ పెట్టేవాడు. అక్క బీడీలు చుట్టుకుంటూ వినేది. ఇరాక్‌లో నడుము సన్నగా ఉండే బుల్లి గాజు గ్లాసులో, పాలు లేకుండా, అడుగున చక్కెర వేసి ఇస్తారట. అక్కడే ఎండబెట్టిన నిమ్మకాయలతో కాచిన చాయ్ కూడా తాగాడు. అది చింతపండు చారుకు చుట్టమన్నాడు. మస్కట్ దారిలో మలయాళీ హోటల్ ముందు బండి ఆపి హారన్ కొడితే, డబ్బా పాలు, యాలకులు వేసి మరిగించిన కరక్ చాయ్ కిటికీ దగ్గరికే వచ్చేదట. ఒక పఠాన్ డ్రైవర్ బెల్లం ముక్క చేతిలో పెట్టి, దాన్ని కొరుక్కుంటూ పచ్చ చాయ్ తాగమన్నాడట.

మస్కట్ నుంచి లోడుతో సలాలా పోయినప్పుడు, అక్కడ ముసురు పట్టిన రోజు పంపిన వాయిస్ నేనూ విన్నాను. "పుష్పా, మన శ్రావణం లెక్కనే ఉన్నదే. చాయ్ చేతిల వట్టుకున్న గని తాగబుద్ధి అయితలేదు."

అక్క తిరిగి అడిగేది. "ఆకు పాలల్ల మరుగవెడుతరా, నీళ్లల్లనా? వాసన ఎట్లున్నది?"

"వాసన మంచిగనే ఉన్నది. పక్కపొంటి నువ్వే లేవు."

అట్లా తొమ్మిదేళ్లు గడిచాయి. పోయిన ఏడాది బావ చూపు మందగించిందని పెద్ద బండి లైసెన్సు మళ్లీ ఇవ్వలేదు. కంపెనీ వాళ్లు లెక్క తేల్చి పంపేశారు. ఊళ్లో అందరూ అయ్యో అన్నారు కానీ బావ మాత్రం పెళ్లికొడుకులా దిగాడు. అక్క బ్యాగు మొత్తం వెతికింది. పోవడానికి టికెట్ ఎక్కడా లేదు.

మరునాడు కొండగట్టు పోయి ముడుపు చెల్లించి వచ్చారు. అక్క మళ్లీ చాయ్ తాగే ముచ్చట చూడాలని నేను కోరుట్ల నుంచి పనిగట్టుకుని పోయాను. బావ బర్రె పాలు తెచ్చి, అల్లం దంచి, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా తానే కాచాడు. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. అక్క ఒక గుటక తాగింది. మింగడానికి ఆమె ఎంత కష్టపడిందో నాకు కనిపించింది.

"అల్లం ఎక్కువైందా?" అన్నాడు బావ.

"లేదు. మంచిగున్నది."

గ్లాసు కింద పెట్టేసింది. మళ్లీ ఎత్తలేదు.

బావ ఊరుకోలేదు. సాయంత్రం డబ్బా పాలతో కాచాడు. మర్నాడు పాలు లేకుండా ఇరాక్ తీరు పెట్టాడు. సంచిలో తెచ్చిన ఎండు నిమ్మకాయలు వేసి చూశాడు. అక్క అన్నీ ఒక్కో గుటక తాగింది. చివరికి ఆయన ముఖం చూడలేక చెప్పేసింది.

"నువ్వేం తప్పు వెట్టలే. నాకే నోటికి వడుతలేదు. మరిచిపోయిన గావచ్చు."

నాకు ఏడుపు ఆగలేదు. తొమ్మిదేళ్లు ఉప్పు వదిలేసినా ఆ రుచి తిరిగి నోటికి పట్టేదేమో అనిపించింది. అంజన్న మీద కోపం వచ్చింది, అక్క మొండితనం మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

అక్కే మళ్లీ మెల్లగా అంది. "ఫోన్ల నువ్వు చెప్తాంటె మంచిగుండె. అవన్నీ తాగినట్టే ఉండె నాకు. ఒకటి చెప్పరాదు?"

బావ గొంతు సవరించుకున్నాడు. ఏదో మొదలుపెట్టబోయి ఆగిపోయాడు.

"నువ్వు లేవని చెప్పిన గవన్ని. ఇప్పుడు పక్కనే ఉన్నవు, ఏం చెప్పాలె?"

అక్క తన గ్లాసును ఆయన దిక్కు జరిపింది. చల్లారిన రెండు గ్లాసులూ బావే తాగాడు.